పక్కకు తిరిగిన కన్ను

గ్యారేజీ తలుపు జానెడు దిగింది, ఏదో మరిచిపోయి వెనక్కి తిరిగిన మనిషిలా ఆగింది, మళ్ళీ పైకి పోయింది. పైన మోటారు పెట్టె మీది బల్బు టపటపా కొట్టుకుంటోంది. చంకలో పిల్లని సర్దుకుని ఆమె ఇంకోసారి రిమోటు నొక్కింది. మళ్ళీ అదే వరస.

“దీని మొండితనం మండిపోను,” అంది.

“మండిపోను,” అంది చంకలో పిల్ల.

మూడేళ్ళు నిండని ఆ పిల్లకి తాత పెట్టిన పేరు పిచ్చుక. పేరుకు తగ్గట్టే కాలు ఒకచోట నిలవదు. గ్యారేజీ గడప దాటితే వాలు, వాలు దిగితే రోడ్డు, రోడ్డు మీద సాయంత్రమయ్యేసరికి ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయే లారీలు. వంటింట్లోంచి గ్యారేజీలోకి ఉన్న తలుపుకి గడియ ఉంది. కానీ తాత గడియ తీసి గ్యారేజీలోని తన పనిబల్ల దగ్గరికి పోతాడు, ఆయన వెనకాలే పిచ్చుక దూరుతుంది. అందుకే చీకటి పడకముందే ఆ పెద్ద తలుపు దిగిపోతే తప్ప ఆమెకు గుండె కుదుటపడదు. ఎక్కడ బ్రేకు కీచుమన్నా చేతిలో పని వదిలేసి పిల్ల కోసం పరిగెత్తే తల్లి ఆమె. లారీ తోలే మొగుడు వారానికోసారి ఇంటికొచ్చి నవ్వుతాడు, “నువ్వు పిల్లని కాదే, భయాన్ని పెంచుతున్నావు,” అని.

రిమోటుతో కాకపోతే ఇంకో దారి ఉంది. వంటింటి గుమ్మం పక్కన గోడకున్న బటను. దాన్ని వదలకుండా నొక్కి పట్టుకుంటే, కింద అడ్డం ఉందో లేదో చూసే సెన్సార్లు ఏం చెప్పినా మోటారు వినదు, తలుపు నేలదాకా దిగిపోతుంది. ఆమె కొన్నాళ్ళుగా రోజూ సాయంత్రం చేస్తున్నది అదే. ఆ రోజూ అదే చేసింది. తలుపు మూలుగుతూ దిగి నేల తాకాక గానీ బొటనవేలు తియ్యలేదు.

అప్పుడే అన్నయ్య ఫోను.

“నాన్న ఎలా ఉన్నాడు?”

“బాగున్నాడు. ఇందాకే తిన్నాడు.”

“తిన్నానని గుర్తుందా?”

ఆమె పిల్లని చంక మార్చుకుంది. మొన్నామధ్య నాన్న పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి, కిటికీ తెర అంటుకోబోయింది. ఆ సంగతి అన్నయ్యకు చెప్పి తప్పు చేశానని ఆమె ఎన్నిసార్లు అనుకుందో.

“చూడమ్మా,” అన్నాడు అన్నయ్య. మంచివాడే, గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “చిన్నపిల్లున్న ఇల్లు. నీ వల్ల కాదు. ఇంకొక్కటి జరిగిందంటే నేనొచ్చి తీసుకెళ్ళిపోతా. నువ్వు ఏడ్చినా వినను.”

“ఏం జరగదులే అన్నయ్యా.”

“గ్యారేజీ తలుపు బాగయిందా?”

“అది మిషను. పాతబడింది. దానికీ నాన్నకీ ఏంటి సంబంధం?” అంది. అవసరమైన దానికంటే గట్టిగా అంది.

*

ఆ తలుపు బిగించింది నాన్నే. తలుపుల మేస్త్రి ఆయన. ఊళ్ళో సగం గ్యారేజీలకి ఆయన చెయ్యి పడింది. ఒకప్పుడు నడుం పట్టేసి ఆయన మంచానపడితే, దుకాణంలో ఫోను ఎత్తడానికి మనిషి లేక, కూతురు తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి ఆ కుర్చీలో కూర్చుంది. మళ్ళీ బడికి పోలేదు. అందుకే చదువు సాగకపోయినా తలుపుల భాష వచ్చు. స్ప్రింగు కుయ్యిమంటే ఏంటో, మోటారు గొణిగితే ఏంటో చెప్పగలదు.

“గుమ్మానికి రెండు వైపులా, నేలకి జానెడు ఎత్తులో రెండు కళ్ళుంటాయి,” అని నాన్న కొనేవాళ్ళందరికీ చెప్పేవాడు. “ఒకటి వెలుగు విసిరేది. ఒకటి వెలుగు పట్టేది. రెండూ ఎదురెదురుగా చూసుకున్నంతసేపే తలుపు దిగుతుంది. మొగుడూ పెళ్ళాల్లాగే. ఒకరు మొహం తిప్పుకున్నారా, ఇంట్లో పని జరగదు.”

కొనడానికొచ్చినవాళ్ళు నవ్వేవారు. వెనక బల్ల దగ్గర తెర గుడ్డలు కుడుతున్న అమ్మ మాత్రం, “మొహం తిప్పుకునేది ఎవరో కూడా చెప్పండి,” అనేది.

ఇంకో మాట కూడా చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు నవ్వేవాడు కాదు. “గోడ బటను పట్టుకుని దించేవాడు గడప కనపడేచోట నిలబడాలి. గడప కనపడకపోతే బటను ముట్టుకోవద్దు.”

కానీ ఈ ఇంట్లో బటనుకీ గడపకీ మధ్య, దుకాణం మూసేశాక తెచ్చి పెట్టిన సామాను ఉంది. ఇనప బీరువా, దానికి చేరగిలబెట్టిన పాత తలుపు పలకలు. ఎడమ పక్క కన్ను ఆ చాటునే ఉంది. తీసేద్దామంటే నాన్న ఒప్పుకోడు. “అందులో నా స్ప్రింగులున్నాయి,” అంటాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె తడిగుడ్డ పట్టుకుని గ్యారేజీలో చతికిలబడింది. నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. పొద్దుటిపూట ఆయన అచ్చం పాత మేస్త్రే.

“తడిగుడ్డ ఏంటే? అద్దం మీద మరకలు కడతాయి. పొడిగుడ్డ తీసుకో. ముందు కన్ను తుడువు, తర్వాత చూపు సరిచూడు, ఆ తర్వాతే తీగ జోలికి పో. ఎన్నిసార్లు చెప్పాను?”

“నాకెప్పుడు చెప్పావు? దుకాణంలో పని నేర్చుకునే బోల్టన్నకి చెప్పావు.”

“నువ్వు ఫోను పక్కన కూర్చుని వినలేదూ?”

ఆమె సాలెగూడు దులిపింది, అద్దం తుడిచింది. ఆయన అమ్మ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తెప్పించి, ఒక కొస కుడి కంటికి కట్టి, రెండో కొస ఎడమ కంటిదాకా బిగలాగాడు. ఒంగి ఒక కన్ను మూసి చూశాడు. దారం రెండు అద్దాల మధ్యనా గీత గీసినట్టుంది. పట్టే కంటి మీద పచ్చలైటు నిలకడగా వెలుగుతోంది. రిమోటు నొక్కితే తలుపు వెన్నలా దిగింది.

“ఏముందిక్కడ రోగం?” అన్నాడు నాన్న. “నీ వేలికే ఉన్నట్టుంది.”

ఆమె హాయిగా నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం దాకా మిగల్లేదు. పొద్దు వాలాక రిమోటు నొక్కితే తలుపు జానెడు దిగి, పైకి పోయింది.

రోజూ ఇంతే. పొద్దున సవ్యం, సాయంత్రం పేచీ. అయితే ఎండ అయ్యుంటుంది అనుకుంది ఆమె. సాయంత్రపు ఎండ వాలుగా వచ్చి పట్టే కంట్లో పడితే అది బిత్తరపోతుందని నాన్నే చెప్పేవాడు. దారం అయిపోయిన అట్టగొట్టం ఒకటి కత్తిరించి, కంటికి గొడుగులా తొడిగింది. మర్నాటి సాయంత్రం మబ్బు పట్టింది, ఎండ చుక్క లేదు. అయినా బల్బు టపటపా కొట్టుకుంది.

వంగి చూడాల్సిన చోటు ఒకటుందని ఆమెకు తెలుసు. బీరువా చాటున ఆ ఎడమ కన్ను సాయంత్రం పూట ఎలా ఉందో చూస్తే సరిపోతుంది. చూడలేదు. సాయంత్రం పిల్లకి అన్నం తినిపించాలి, కుట్టడానికొచ్చిన దిండు గలీబులు పూర్తి చెయ్యాలి, ఏదో ఒకటి ఉండేది. తీగ పాడై ఉండాలి అనుకుంది. ఎలక కొరికి ఉండాలి. నాన్న జోలికి రాని పాపం ఏదైనా సరే, ఎలకైనా సరే. చివరికి బోల్టుకి ఫోను చేసింది.

*

బోల్టు నాన్న శిష్యుడు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడని మేస్త్రి పెట్టిన పేరు. ఇప్పుడు జుట్టు నెరిసింది, కూతురికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాడు, పేరు మాత్రం పోలేదు. అతను వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నాన్న గ్యారేజీ మధ్యలో కుర్చీ వేసుకుని రోడ్డుకేసి చూస్తున్నాడు.

“దండాలు మేస్త్రీ. గుర్తున్నానా?”

“నిన్ను మరిచిపోతే నా స్క్రూడ్రైవర్లు ఎవడు కొట్టేశాడో కూడా మరిచిపోవాలి,” అన్నాడు నాన్న.

“ఒక్కటే మేస్త్రీ, అదీ మీరిచ్చిందే.”

“ఇచ్చానా? సరే, ఇచ్చే ఉంటా.” మళ్ళీ రోడ్డుకేసి తిరిగాడు.

బోల్టు బీరువా చాటుకి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. ఆమె ఇవతల నిలబడి, పిచ్చుక రెండు చేతులూ పట్టుకుని, అతని వీపుకేసి చూస్తోంది.

“ఏంటన్నా? తీగేనా?”

 బోల్టు ఒకసారి తల తిప్పి కుర్చీలోని ముసలాయన్ని చూశాడు. “ఆఁ,” అన్నాడు. “తీగేనమ్మా. లోపల పుచ్చింది.”

“ఎలకా?”

“ఎలకే అనుకో.”

కొత్త తీగ లాగాడు. కన్ను సరిచేశాడు. పచ్చలైటు నిలిచింది, తలుపు దిగింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాలు కాచి కాఫీ ఇచ్చి, వెంటనే అన్నయ్యకు ఫోను చేసింది. “తీగ పోయిందంట అన్నయ్యా. ఎలక కొరికిందంట. నేను చెప్పలేదూ, నాన్నకీ దానికీ సంబంధం లేదని?”

బోల్టు ఆ మాటలన్నీ విన్నాడు. కాఫీ సగం తాగి గ్లాసు పెట్టేశాడు. వాలు దిగుతూ ఒక్క మాట అన్నాడు. “ఆ బీరువా ఒకటి అక్కణ్ణుంచి జరిపించమ్మా. గడప కనపడట్లేదు.”

“జరిపిస్తా అన్నా. మా ఆయన రానీ.”

*

ఆయన రాకముందే ఆ సాయంత్రం వచ్చింది.

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. రోడ్డు మీద ఏదో లారీ బ్రేకు కీచుమంది.  ఆమె పొయ్యి కట్టేసి రిమోటు నొక్కింది. తలుపు చప్పుడు మొదలైంది, ఆగింది, పైకి పోయింది. కొత్త తీగ వేసినా అదే వరస. ఆమెకు ఒళ్ళు మండింది. మిషను మీద మండిందో, బోల్టు మీద మండిందో, తన మీదే మండిందో తెలియలేదు. పిచ్చుక హాల్లో బొమ్మలతో ఉందనుకుంది. నాన్న కుర్చీ ఖాళీగా ఉంది, మంచం మీద వాలాడనుకుంది. గుమ్మంలోంచి చెయ్యి చాపి గోడ బటను నొక్కి పట్టుకుంది.

తలుపు మూలుగుతూ దిగుతోంది. బీరువా పైన కనిపించే రోడ్డు ముక్క సన్నబడుతూ వచ్చింది. అప్పుడు వినబడింది, చాటునుంచి, “ఆపు! ఆపవే!” అని నాన్న కేక. దాని మీద పిచ్చుక కేక. దాని మీద ఎముక మీద ఇనుము పడ్డ చప్పుడు.

ఆమె చెయ్యి తీసేసింది. తలుపు అక్కడే ఆగింది.

బీరువా పక్కనుంచి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. నాన్న గడప మీద మోకాళ్ళ మీద ఒంగి ఉన్నాడు. తలుపు అంచు ఆయన ఎడమ భుజం మీద ఆనింది. ఆయన కడుపు కింద, కోడి రెక్కల కింద పిల్లలా, పిచ్చుక. దాని మీద గోరంత గీత కూడా పడలేదు. నాన్న కుడి చెయ్యి మాత్రం ఇంకా సెన్సారు మీదే ఉంది. కన్నుని బిగించే రెండు చెవుల నట్టు వేళ్ళ మధ్యనే ఉంది. ఎడమ కన్ను ఎదుటి కంటిని వదిలేసి, వేలెడు పక్కకు తిరిగి గోడను చూస్తోంది.

“గడప చూడకుండా బటను నొక్కుతారా?” అన్నాడు నాన్న నొప్పితో పళ్ళు బిగబట్టి. “ఎవరు నేర్పారే నీకు పని?”

ఆమె తలుపు పైకి ఎత్తించి, పిల్లని లాక్కుని, నాన్న పక్కన కూలబడింది. 

“నాన్నా, ఆ కన్ను ఎందుకు తిప్పావు?”

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఇంత తెలిసిన విషయం అడుగుతుందేమిటని.

“మీ అమ్మ ఇంకా రాలేదుగా,” అన్నాడు. “పొద్దు పోతోంది. నువ్వేమో రోజూ వచ్చి తలుపేసేస్తావు. అది బండి మీద వచ్చి, బయట నిలబడి హారను కొట్టుకోవాలా?”

అమ్మ తర్వాత వేరే దర్జీ దుకాణం పెట్టుకుంది, అక్కణ్ణుంచి స్కూటరు మీద వచ్చేది. వాలు ఎక్కుతూ రెండుసార్లు హారను కొట్టేది. నాన్న ఆ హారనుకి ముందే తలుపెత్తి నిలబడేవాడు. స్కూటరు అమ్మేశారు. అమ్మని ఆసుపత్రికి ఈ వాలు మీదుగానే తీసుకెళ్ళారు. అమ్మను ఎత్తుకుని కారులో కూర్చోబెట్టింది నాన్నే. మట్టి చేసి వచ్చిందీ ఆయనే. ఆ సాయంత్రం కూడా ఈ గడప మీదే కాళ్ళు కడుక్కున్నాడు.

ఆమె నోటిదాకా వచ్చింది, “అమ్మ రాదు నాన్నా,” అని. ఆయన మొహం చూసి మింగేసింది. ఈ పూట ఒక ఎముక చాలు విరగడానికి అనుకుంది.

*

భుజం ఎముక చిట్లింది. ఆసుపత్రిలో మెడకు గుడ్డ ఉయ్యాల కట్టి పంపారు. బోల్టు పరిగెత్తుకుంటూ వచ్చాడు, మంచం పక్కన నిలబడి మేస్త్రి మొహంలోకి చూడలేకపోయాడు. వంటింట్లో ఆమె అడిగింది.

“నీకు ముందే తెలుసు కదన్నా?”

“తెలుసమ్మా.” తల దించుకున్నాడు. “ఆ నట్టు చూడగానే తెలిసింది. మామూలు మనిషి తిప్పితే వదులుగా వదిలేస్తాడు. మేస్త్రి పక్కకు తిప్పినా బిగించే వదులుతాడు. చేసే తప్పు కూడా పొందికగా చేస్తాడు. సాయంత్రం తిప్పేదీ ఆయనే, పొద్దున లేచి ఎవడో వెధవ కదిపాడని తిట్టుకుంటూ దిద్దేదీ ఆయనే. మా గురువు పని మీద మీ అన్నయ్యకి చాడీ చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా. ఎలకన్నాను.”

“ఎలకని నేనే అన్నాను,” అంది ఆమె. “నువ్వు ఊఁ కొట్టావు.”

అన్నయ్యకు ఫోను ఆమే చేసింది. దాస్తే దాగే దెబ్బ కాదు. “బటను నొక్కింది నేనన్నయ్యా,” అంది. “నాన్న లేకపోతే పిచ్చుక…”

“నువ్వు నొక్కావు. సరే. ఆ కన్ను తిప్పింది ఎవరు?”

  అవతల అన్నయ్య ముక్కు చీదిన చప్పుడు వినబడింది. “మా ఇంటికి గ్యారేజీ లేదులే,” అన్నాడు. “ఎక్కడో పై అంతస్తు. తలుపు తీస్తే లిఫ్టు. అక్కడ ఎదురుచూడ్డానికి ఏమీ ఉండదు.”

అన్నయ్య వచ్చాడు. నాన్నకు నాలుగు రోజులు ఉండొద్దువుగాని అని చెప్పారు. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు, ఒక చెయ్యి గుడ్డ ఉయ్యాలలో ఉంది. కారెక్కేముందు గ్యారేజీలోకి వెళ్ళాలన్నాడు. వంగలేక, బోల్టుని వంగమన్నాడు. కన్ను సరిచేయించాడు. దారం కట్టించి చూశాడు. పచ్చలైటు నిలబడింది.

“ఇదిగో,” అన్నాడు కూతురితో. “నేను లేనప్పుడు తలుపు సరిగ్గా పనిచెయ్యాలి. చిన్నపిల్ల తిరిగే చోటు. ఆ బీరువా జరిపెయ్యి, స్ప్రింగులు బోల్టు గాడికిచ్చెయ్యి. పారేసుకుంటాడు, అయినా ఇచ్చెయ్యి.”

“సరే నాన్నా.”

గొంతు తగ్గించాడు. “మీ అమ్మ వస్తే నేను పెద్దాడింటికి వెళ్ళానని చెప్పు. అలిసిపోయి వస్తుంది. గుమ్మంలో నిలబెట్టకు.”

“నిలబెట్టను.”

పిచ్చుక తాత వేలు వదల్లేదు. “తాతా, ఎప్పుడొస్తావ్?”

“సాయంత్రానికి వచ్చేస్తా, ఎక్కడికి పోతాను?” అన్నాడు తాత. కారు వాలు దిగి మలుపు తిరిగింది. ఆమె వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

బోల్టు బీరువా జరిపించాడు. గడప ఈ చివరనుంచి ఆ చివరదాకా కనపడుతోంది. బటను దగ్గర నిలబడి ఆమె చూసుకుంది. ఇన్నాళ్ళూ ఇంత సులువుగా అయ్యే పనిని ఎందుకు వాయిదా వేసిందో తనకే అర్థం కాలేదు. ఇప్పుడు భయపడాల్సింది ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఇల్లంతా నిండి ఉంది.

పొద్దు వాలింది. రోడ్డు మీద లారీల హోరు మొదలైంది. ఆమె వంటింట్లోంచే రిమోటు తీసుకుని నొక్కింది. తలుపు జానెడు దిగింది, ఆగింది, పైకి పోయింది. బల్బు టపటపా కొట్టుకుంది.

ఆమె గడప దగ్గరికి వెళ్ళింది. ఎడమ కన్ను పక్కకు తిరిగి గోడను చూస్తోంది. నట్టు వదులుగా వేలాడుతోంది. బిగించడం రాని చెయ్యి అది. పక్కన నేల మీద పిచ్చుక బాసింపట్టు వేసుకుని, బుగ్గన చెయ్యి పెట్టుకుని, అచ్చం తాతలా రోడ్డుకేసి చూస్తోంది.

“ఎందుకు తిప్పావమ్మా?”

“తాత ఇంకా రాలేదుగా,” అంది పిచ్చుక.

ఆమె చెయ్యి నట్టు మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత వెనక్కి తీసుకుని, నాన్న కుర్చీ గడపదాకా లాక్కొచ్చి, వాలుకి అడ్డంగా వేసి కూర్చుంది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులూ గట్టిగా చుట్టింది. తలుపు ఎత్తే ఉంది. ఇద్దరూ రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు.